మా ఇంటి ఓడకి వెయ్యి ముడులు

మా ముందు గదిలో బల్ల మీద మూడడుగుల చెక్క ఓడ ఒకటుంది. ఇంటికొచ్చిన వాళ్ళు ముందు దాన్నే చూస్తారు. "అబ్బ, ఎంత బాగుందండీ! ఎక్కడ కొన్నారు?" అంటారు. కొన్నది కాదు, కడుతున్నాం అంటే మావారి వైపు మెచ్చుకోలుగా చూస్తారు. సగం ఆయన, సగం నేను అంటే మాత్రం నవ్వేసి ఊరుకుంటారు. ఆడవాళ్ళకి ఓడలతో పనేమిటనేమో!

అసలు ఓడ బొమ్మ కట్టడంలో రెండు పనులున్నాయి. మొదటిది వడ్రంగం. ఓడ వెన్ను, పక్కటెముకలు నిలబెట్టి, వాటి మీద సన్నటి చెక్క బద్దలు అతికించడం. బద్దల్ని వేడి నీళ్ళలో నానబెట్టి వంచాలి. రెండోది తాళ్ళు కట్టడం. దీన్ని రిగ్గింగ్ అంటారు. ఈ రెండో పని దగ్గర్నుంచి చూశాక నాకు తెలిసింది, ఇది అచ్చంగా మన పనేనని. సూది, దారం, మైనం, ముడులు, ఓపిక... ఇందులో మనకి కొత్తదేముంది చెప్పండి?

మావారు విశాఖపట్నంలో ఓడలు కట్టే చోట ముప్పై రెండేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. అంటే ఓడల బొమ్మలు కొలతలతో గీసే ఉద్యోగం. రిటైరయ్యాక మా అబ్బాయి ఓ కిట్ తెచ్చిచ్చాడు. కట్టీ సార్క్ అనే ఓడది. అసలు ఓడకి ఇది 96వ వంతు. అక్కడ అడుగుంటే ఇక్కడ అంగుళంలో ఎనిమిదో వంతన్న మాట. 152 అడుగుల నడి కొయ్య మా బల్ల మీద 19 అంగుళాలు.

ఈ ఓడ కథ వింటే మీరూ ముచ్చట పడతారు. మనం పొద్దున్నే తాగే టీ కోసం పుట్టిన ఓడ ఇది! చైనా నుంచి లండనుకి టీ ఆకు త్వరగా చేర్చాలని 1869 నవంబరు 22న స్కాట్లండులో నీళ్ళలోకి దింపారు. సరిగ్గా అయిదు రోజుల ముందే, నవంబరు 17న, సూయజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడలు ఆ దగ్గర దారిన పోవడం మొదలుపెట్టాయి. గాలి మీద ఆధారపడే తెరచాప ఓడలకి ఆ దారి కుదరదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సిందే. పాపం, పుడుతూనే కష్టం వచ్చిందా ఓడకి. అయినా 1870లో మొదటి ప్రయాణంలోనే 13 లక్షల పౌన్ల టీ, అంటే సుమారు 590 టన్నులు, మోసుకొచ్చింది. 1877 తర్వాత టీ బేరం పోయింది. అంతటితో మూలన పడిందా? 1883 నుంచి ఆస్ట్రేలియా ఉన్ని మోసి, అక్కడే వేగంలో పేరు తెచ్చుకుంది.

పేరు సంగతి కూడా తమాషాగా ఉంటుంది. కట్టీ సార్క్ అంటే స్కాట్లండు మాటలో పొట్టి లోపలి గౌను. రాబర్ట్ బర్న్స్ రాసిన కవితలో పొట్టి గౌను వేసుకున్న మంత్రగత్తె ఒకడి వెంటపడి, అతని గుర్రం తోక పీకేస్తుంది. ఓడ ముక్కు మీద ఉన్న బొమ్మ ఆవిడే. చెయ్యి చాపి ఉంటుంది. నావికులు తాడు పీచుతో తోక చేసి ఆ చేతిలో పెట్టేవారట. అసలు ఓడ ఇప్పుడు లండనులోని గ్రీనిచ్‌లో ఉంది. 2007లో బాగు చేస్తుండగా మంటలంటుకున్నాయి. తెరచాప కొయ్యలు ముందే విప్పి ఉండడంతో అవి దక్కాయి. 2012లో మళ్ళీ జనం చూడ్డానికి తెరిచారు.

మావారు రెండేళ్ళలో ఓడ ఒళ్ళంతా పూర్తి చేశారు. కొయ్యలు నిలబెట్టే సమయానికి ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ కప్పు సాసర్లో టకటకలాడేది. తర్వాత సంతకం చిన్నదైపోయింది. డాక్టరు గారు చూసి పార్కిన్సన్స్ అన్నారు. మందులతో అదుపులో ఉంటుంది గాని పూర్తిగా పోయేది కాదన్నారు. ఇంటికొచ్చి ఈయన ఓడ మీద పాత పంచె కప్పేశారు. నెల్లాళ్ళు ఆ బల్ల వైపే వెళ్ళలేదు. "ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నారొక రోజు. జీవితమంతా వెంట్రుకవాసి తేడా లేకుండా గీతలు గీసిన మనిషి! నా గుండె చివుక్కుమంది.

"ఏమండీ, మీరు చెప్పండి, నేను కడతాను" అన్నాను.

"తాళ్ళ గురించి నీకేం తెలుసే?"

"తాళ్ళ గురించి తెలీదు. దారాల గురించి తెలుసుగా!"

ఆయన నవ్వలేదు గాని మర్నాడు పంచె తీసేశారు.

అసలు కట్టీ సార్క్‌లో 11 మైళ్ళ పొడుగు తాళ్ళున్నాయి. బొమ్మలో అన్నీ పెట్టరు, ముఖ్యమైనవే పెడతారు. అక్కడ అంగుళం మందం తాడు ఇక్కడ పావు మిల్లీమీటరు దారం. మామూలు దారానికి నూగుంటుంది. రవికె కుట్టేటప్పుడు మనకి కనపడదు గాని, ఇంత చిన్న ఓడ మీద అది తాడుకి గడ్డి మొలిచినట్టు కనిపిస్తుంది. అందుకని ప్రతి దారాన్నీ తేనె మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి వాడాలి. తాళ్ళలో రెండు రకాలు. కొయ్యల్ని నిలబెట్టేవి కదలవు. పాత ఓడల్లో వాటికి తారు పూసేవారు కాబట్టి నల్ల దారం వాడతాం. తెరచాపల్ని ఎత్తి దించేవి కదులుతాయి. వాటికి గోధుమ రంగు దారం. కదలనివి ముందు, కదిలేవి తర్వాత. కిందవి ముందు, పైవి తర్వాత. లోపలివి ముందు, బయటివి తర్వాత. ఈ వరస తప్పితే చెయ్యి దూరే సందుండదు.

అన్నిటికన్నా పెద్ద పని నిచ్చెన తాళ్ళది. నావికులు కొయ్య పైకి ఎక్కడానికి నిలువు తాళ్ళకి అడ్డంగా తాళ్ళు కడతారు. మా ఓడలో వాటి మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. వెనకాల గ్రాఫ్ కాగితం పెట్టుకుంటే నాలుగు గడులకొక వరస వస్తుంది. అడ్డ దారం ప్రతి నిలువు దారానికీ ముడి పడాలి. ఒక చుట్టు చుట్టి, దాని మీదుగా దాటించి రెండో చుట్టు చుట్టి, ఆ చుట్టు కిందుగా కొస లాగాలి. పశువుని రాటకి కట్టే ముడి లాంటిదే. మూడు కొయ్యలకీ రెండేసి వైపులా లెక్కేస్తే వెయ్యి ముడులు దాటతాయి. క్రోషా సూది, సన్నటి పట్టకారు, చీర క్లిప్పులు, నీళ్ళు కలిపిన తెల్ల గమ్ము ఉంటే చాలు.

ముడి వెయ్యడం నా పని. బిగువు చూడ్డం ఆయన పని. ఒక కొయ్యని వెనక్కి లాగే తాడు కాస్త ఎక్కువ బిగిస్తే ముందువైపు తాడు కూడా మరీ బిగుసుకుపోతుంది. ఆ ముందు తాడు ఇంకో కొయ్యకి కట్టి ఉంటుంది కాబట్టి దాని బిగువూ మారుతుంది. ఇంట్లో ఒకరి మాట పట్టుకుంటే ఇంకొకరు అలిగినట్టే! మావారు ఒక కన్ను మూసి చూసి "ఎడమకి వాలింది, కొంచెం సడలించు" అంటారు. స్కేలు పెట్టి చూస్తే నిజంగానే అర మిల్లీమీటరు తేడా ఉంటుంది. చెయ్యి మాట వినకపోయినా కన్ను ఎక్కడికీ పోలేదు. ప్లాను కూడా ఆయనే పైకి గట్టిగా చదువుతారు. ఈ జబ్బులో గొంతు కూడా సన్నబడుతుందట. గట్టిగా చదివించడం మంచిదేనని డాక్టరు గారన్నారు.

ఒకప్పుడు నెపోలియన్ యుద్ధాల్లో ఇంగ్లండుకి చిక్కిన ఫ్రెంచి ఖైదీలు కూడా ఓడ బొమ్మలు కట్టారని ఆయనే చెప్పారు. తిండిలో వచ్చిన ఎముకల్ని చెక్కి ఓడ ఒళ్ళు చేసేవారట. వెంట్రుకలతో, పట్టుదారంతో తాళ్ళు కట్టి జైలు గుమ్మం దగ్గర అమ్మేవారట. పీటర్‌బరో మ్యూజియంలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. కాలం గడవని మనుషులకి ముడులు ఎంత ఆసరానో!

మన తెలుగువాళ్ళు ఎన్నో తరాలుగా ఉంటున్న మారిషస్‌లో ఓడ బొమ్మలు కట్టడం పేరున్న చేతి పని. అక్కడి కార్ఖానాల్లో చెక్క పని మగవాళ్ళు చేస్తే, తాళ్ళు కట్టేదీ, తెరచాపలు కుట్టేదీ ఎక్కువగా ఆడవాళ్ళేనట. అది విన్నప్పుడు, మావారు నా వైపు చూసి "నీకు జీతమివ్వాలే!" అన్నారు.

ఇప్పటికి రెండు కొయ్యలయ్యాయి. వెనక కొయ్య మిగిలింది. రోజూ మధ్యాహ్నం మందు పనిచేసే వేళ చూసుకుని ఒక గంట కూర్చుంటాం. మిగిలిన దారం కొస కత్తిరించడం ఆయన వంతు. కత్తెర పట్టిన చేతిని కింద నుంచి నేను ఆనిస్తాను. కొన్ని రోజులు వణుకు ఎక్కువుంటుంది. ఆ రోజు దారాలకి మైనం పట్టించి సరిపెట్టుకుంటాం.

మీ ఇంట్లోనూ చేతులు సహకరించక ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళుంటే, వాళ్ళకి తెలిసిన పనే ఎంచుకుని మీరు చేతులు కలపండి. అది ఓడే కానక్కర్లేదు, ఊరగాయైనా సరే. "మీరు కూర్చోండి, నేను చేస్తాలెండి" అనకుండా "మీరు చెప్పండి, నేను చేస్తాను" అని చూడండి.