ఆర్తిబోనిత్ వెంట కొండచేలు

ఆర్తిబోనిత్ నది హైతీలో పుట్టదు. పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్ నడిమి కొండల్లో పుట్టి పడమరగా దిగుతుంది. కొంతదూరం రెండు దేశాలకూ తానే సరిహద్దై నడుస్తుంది. ఆ తర్వాత హైతీ నడిబొడ్డుకు మళ్లి, గొనావ్ అఖాతంలో కలుస్తుంది. పొడవు సుమారు 320 కిలోమీటర్లు. హిస్పానియోలా దీవి మొత్తంలో ఇంతకంటే పెద్ద నది లేదు. హైతీ వాళ్లు తమ క్రియోల్ భాషలో దీన్ని లాతిబొనిత్ అంటారు.

ఈ సరిహద్దు సీమ నెత్తురు చూసిన నేల. 1937 అక్టోబరులో డొమినికన్ నియంత త్రుహియో ఆజ్ఞతో సైనికులు వేలమంది హైతీయులను చంపేశారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది సరిహద్దుకు అటువైపు కాస్త నేల సాగుచేసుకుంటూ బతికిన పేదలే. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు హైతీ కొండల్లోకి పారిపోయి వచ్చారు.

హైతీ కొండలు బోడిగా ఉన్నాయని, చెట్లన్నీ రైతే నరికేశాడని అనడం చాలామందికి అలవాటైపోయింది. విమానం కిటికీలోంచి చూస్తే అంతే అనిపిస్తుంది. నది వెంట నడుచుకుంటూ దిగితే మాత్రం ముందుగా తలెత్తే ప్రశ్న వేరు. నిటారుగా ఉన్న ఆ వాలు మీద, నిలబడటానికే కాలు జారే చోట, మొక్కజొన్న వేయాల్సిన గతి ఎవరికైనా ఎందుకు పట్టింది?

సమాధానం కోసం చాలా వెనక్కి వెళ్లాలి. ఫ్రెంచివాళ్ల పాలనలో ఇక్కడి మైదానాల్లో పెద్ద పెద్ద తోటలుండేవి, ముఖ్యంగా చెరకు తోటలు. వాటిలో చాకిరీ చేసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్లు తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న గొనాయీవ్ పట్టణంలో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. కొత్త పాలకులు కూడా ఆ తోటలనే మళ్లీ నడపాలని చూశారు. జనం ఒప్పుకోలేదు. ఒకరి చేలో కొరడా కింద పనిచేయడం ఇక జరగదని కొండలెక్కారు. ఎవరి నేల వాళ్లు బాగుచేసుకుని, తిండిగింజలతో పాటు కాఫీ పెట్టుకున్నారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను తెచ్చి నిలబెట్టి, పోయిన తోటలకూ బానిసలకూ పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ డబ్బులో పెద్ద వాటా కాఫీ మీద వేసిన పన్నుల్లోంచే వచ్చింది. కాఫీ పండేది కొండమీద. తాత సంకెళ్లు తెంచుకున్నందుకు మనవడు కాఫీ బస్తాతో వెల కట్టాడన్నమాట.

నది హైతీలోకి వచ్చాక మధ్య పీఠభూమిలో నడుస్తుంది. ఎన్ష్ పట్టణం మీదుగా వచ్చే గుయామూక్ నది దీనిలో కలుస్తుంది. ఈ పల్లెల్లో ఇళ్లు వీధులుగా ఉండవు. ఒకే వాకిలి చుట్టూ తాత, కొడుకులు, కూతుళ్లు, మనవల ఇళ్లు మూడో నాలుగో గుంపుగా ఉంటాయి. ఆ వాకిలిని లాకూ అంటారు. వంట, పూజ, పంచాయితీ, పిల్లల ఆట అన్నీ అక్కడే. పెద్దల సమాధులు కూడా చాలాచోట్ల ఆ పక్కనే ఉంటాయి కాబట్టి నేల అమ్ముకోవడం అంత తేలిక కాదు.

చేను చూస్తే మన మెట్టరైతుకు కొత్తగా ఉండదు. మొక్కజొన్న, జొన్న, చిక్కుడు, చిలగడదుంప, కర్రపెండలం, అరటి, కంది, అన్నీ ఒకే చెక్కలో కలిపి వేస్తారు. ఒకటి పోయినా మరొకటి నిలబడుతుందన్న ధీమా అది. కంది మన నేలలో పుట్టిన పంటే. ఆఫ్రికా మీదుగా, బానిసల ఓడల కాలంలో కరీబియన్ చేరింది. హైతీలో దాన్ని ప్వా కోంగో అంటారు. మనలా పప్పు చేసుకోవడం తక్కువ. పచ్చికాయలు వలిచి అన్నంలో వేసి వండుకుంటారు. వానలు వెనక్కి తగ్గాక, మిగతావన్నీ ఎండిపోయాక కూడా కంది పచ్చగా నిలిచి కాపునిస్తుంది.

ఎద్దులు, నాగలి ఆ వాలు మీద నిలవవు. పార, మచ్చుకత్తి, మనిషి ఒళ్లు, ఇవే సాధనాలు. అందుకే కోంబిట్ లేనిదే సేద్యం లేదు. ఒకరి చేలోకి ఇరుగుపొరుగంతా దిగుతారు. డప్పు మోగుతుంది, శంఖం ఊదుతారు, పాటకు తగ్గట్టు పారలన్నీ ఒక్కసారి లేచి ఒక్కసారి పడతాయి. ఇంటివాళ్లు కడుపునిండా అన్నం పెడతారు. రేపు ఇంకొకరి చేను. కూలి డబ్బు లెక్క లేదు గానీ, ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ ఉన్నారో అందరికీ గుర్తుంటుంది. హైతీ రచయిత జాక్ రూమెన్ 1944లో వచ్చిన నవలలో కక్షలతో చీలిపోయిన ఊరిని మళ్లీ ఒక చోటికి చేర్చేది నీటి కోసం కట్టే ఇలాంటి కోంబిట్టే.

ఎన్ష్ దగ్గరి పపాయ్ అనే చోట 1973లో చవాన్ జాన్-బాప్టిస్ట్ రైతు ఉద్యమం ఒకటి మొదలుపెట్టారు. వాలుకు అడ్డంగా గట్లు, రాతి కట్టలు, గడ్డి వరసలు, చెట్ల పెంపకం, సొంత విత్తనాల నిల్వ దాని పని. 2010 భూకంపం తర్వాత మోన్‌శాంటో కంపెనీ 475 టన్నుల హైబ్రిడ్ విత్తనాలను ఉచితంగా ఇస్తానంటే, ఈ రైతులు వేలాదిగా ఎన్ష్‌కు ఊరేగింపుగా నడిచి, వాటిలో కొన్నిటిని తగలబెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు విత్తనాన్ని కాల్చడమేమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. మరుసటి ఏడాది విత్తనం మళ్లీ కొనాల్సి వస్తుందని ఆ రైతులకు తెలుసు. అంతకుముందొకసారి ‘మేలుజాతి’ అన్న మాట విని నష్టపోయినవాళ్లు వాళ్లు. 1980ల మొదట్లో పందులకు జ్వరం వ్యాపించిందని, అమెరికా డబ్బుతో, హైతీ నల్లపందులన్నిటినీ ఊరూరా పట్టి చంపించారు. ఊళ్లో పారేసినదంతా తిని బతికే ఆ పంది పేదింటి బ్యాంకు. బడి ఫీజుకైనా, చావు ఖర్చుకైనా, పెళ్లికైనా దాన్నే అమ్మేవారు. బదులుగా తెచ్చిన అమెరికా పందులకు సిమెంటు నేల, కొన్న దాణా, శుభ్రమైన నీళ్లు కావాలి. మనుషులకే అవి లేని ఊళ్లలో అవి బతకలేదు. ఆ పొదుపు పోవడంతో చాలామందికి అమ్ముకోవడానికి చెట్టు ఒక్కటే మిగిలింది.

ఇక పెలీగ్ర్.

1956లో ఇక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట లేచింది. ఎత్తు 70 మీటర్లకు పైనే. దిగువ లోయకు సాగునీరు, తర్వాత రాజధానికి కరెంటు దాని లక్ష్యం. నీళ్లు ఎగదన్ని లోయ అంతా మునిగింది. నది ఒడ్డునే మెత్తటి, సారమున్న నేలలో వరి, అరటి, చెరకు పండించుకున్న కుటుంబాలు పైకి పైకి జరిగి, చివరికి రాళ్ల కొండమీద, ఎవరూ కోరని నేలలో గుడిసెలు వేసుకున్నాయి. చాలామందికి పరిహారం అందనే లేదు. నీళ్లు తమ గడప దాకా వస్తాయని వాళ్లు నమ్మలేదు. నీళ్లు వచ్చాక చేతికందింది పట్టుకుని పరుగెత్తారు. 1971లో టర్బైన్లు తిరగడం మొదలయ్యాక 54 మెగావాట్ల సామర్థ్యమున్న ఆ కేంద్రం నుంచి తీగలు కొండపల్లెల నెత్తి మీదుగా పోర్టొప్రిన్స్‌కు పోయాయి. కింద ఇళ్లలో కిరసనాయిలు దీపాలే వెలిగాయి.

నేల మునిగిపోయిన రైతు వాలు మీద పార వేస్తే ఏమవుతుంది? వాన వచ్చిన ప్రతిసారీ మట్టి కిందికి జారుతుంది. ఎక్కడికి? తనను తరిమిన జలాశయంలోకే. నిండా నీరుండాల్సిన చోట దాదాపు సగం ఇప్పుడు పూడికే. దీనికి కొండరైతును నిందించే నివేదికలు చాలా ఉన్నాయి. అతణ్ణి కొండెక్కించిన ఆనకట్టను లెక్కలోకి తీసుకునేవి తక్కువ. ఈ నది కథలో నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

అలా నీళ్లు తరిమినవాళ్లు నిలబడ్డ ఊళ్లలో ఒకటి కాంజ్. 1980లలో పాద్రీ ఫ్రిట్జ్ లాఫోంతాన్, అమెరికన్ వైద్యుడు పాల్ ఫార్మర్ కలిసి అక్కడ వైద్యశాల పెట్టారు. పేరు జాన్మీ లాసాంతే. 1998 నుంచి హెచ్ఐవీ మందులను కొండపల్లెల్లోనే ఇవ్వడం మొదలుపెట్టారు. పేదలు వేళకు మాత్రలు వేసుకోలేరని పెద్ద దేశాల నిపుణులు అంటున్న రోజులవి. ఊళ్లోని మనిషినే జీతమిచ్చి పెట్టుకుని, రోజూ ఇంటికి వెళ్లి మాత్ర మింగించి, మంచిచెడ్డలు అడిగి వచ్చే ఏర్పాటు చేశారు. అది పనిచేసింది.

అక్కడికి దిగువన మీర్బాలే. పట్టణం దగ్గరి మేయ్ అనే చిన్న వాగు ఒడ్డున ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో నేపాల్ నుంచి వచ్చిన దళం ఉండేది. 2010 అక్టోబరులో ఆ శిబిరం మురుగు వాగులో కలిసి, వాగు ఆర్తిబోనిత్‌లో కలిసి, కలరా నది పొడవునా పాకింది. అంతకుముందు వందేళ్లలో హైతీలో కలరా నమోదే కాలేదు. ఒడ్డు పల్లెల్లో జనం ఆ నీళ్లే తాగేవారు, ఆ నీళ్లలోనే నిలబడి వరినాట్లు వేసేవారు. సుమారు పదివేలమంది పోయారు. ఎనిమిది లక్షలకు పైగా జబ్బుపడ్డారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పింది 2016 డిసెంబరులో. 2013లో అదే మీర్బాలేలో 300 పడకల బోధనాసుపత్రి తెరిచారు. 2025 వసంతంలో సాయుధ ముఠాలు పట్టణం మీద పడ్డాక దాన్ని మూసేయాల్సి వచ్చింది.

మీర్బాలే దాటాక కొండలు పక్కకు తప్పుకుంటాయి, గాలి పొడిబారుతుంది. ఇక్కడి చెట్టు బయావోంద్, మన సర్కారు తుమ్మే. మన ఊళ్లలోలాగే దాన్ని కొట్టి, మట్టి కప్పి, బొగ్గు చేస్తారు. చాలామంది రైతులు మొదలు మిగిల్చి కొడతారు. మళ్లీ చిగురిస్తే కొన్నేళ్లకు ఇంకో కోత. ఈ జాగ్రత్త గురించి బయట ఎవరూ మాట్లాడరు. బొగ్గు, మామిడి, అరటి, కంది, అన్నీ పట్నానికి చేర్చేది మదాం సారాలనే వర్తకురాళ్లు. బస్తాల లారీల మీద రాత్రంతా కూర్చుని వెళ్లే ఈ ఆడవాళ్ల అప్పుల మీదే దేశం వంటిళ్లు నడుస్తాయి. ఇప్పుడు దారిపొడవునా ముఠాలు తుపాకీ చూపి సుంకం వసూలు చేస్తున్నాయి. దాంతో కొండమీద పండిన మామిడి కొండమీదే కుళ్లుతోంది.

ఆ తర్వాత లోయ, వరి మడులు, కాలువలు. హైతీ అన్నపు గిన్నె ఇదే. 1995లో విదేశీ బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 35 శాతం నుంచి 3 శాతానికి తగ్గించారు. అమెరికా ప్రభుత్వం తన రైతులకు సాయమిచ్చి పండించిన బియ్యం ఓడల్లో దిగింది. లోయ రైతు ఆ ధరకు అమ్మలేకపోయాడు. 2010 మార్చిలో బిల్ క్లింటన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు, ఆ విధానం తన రాష్ట్రం ఆర్కన్సాలోని కొందరు రైతులకు మేలు చేసి ఉండొచ్చు గానీ హైతీ రైతును దెబ్బతీసిందని ఒప్పుకున్నారు. సుంకం మాత్రం పెరగలేదు. దేశం తినే బియ్యంలో అధికభాగం నేటికీ బయటిదే. 2024 అక్టోబరు 3న ఇక్కడి పోన్-సోండే మీద గ్రాన్ గ్రిఫ్ ముఠా పడి వంద మందికి పైగా చంపింది. అప్పటి నుంచి ఎంతో నేల బీడుపడి ఉంది, ఎన్నో కుటుంబాలు సాన్-మార్క్ వైపు వెళ్లిపోయాయి.

నది చివర గ్రాంద్-సలీన్. మడులు కట్టి సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీసే ఊరు. మంచినీటికి మాత్రం ఇక్కడివాళ్లు ఆర్తిబోనిత్‌నే నమ్ముకున్నారు. 2010లో కలరా తొలిరోజుల్లోనే వీళ్లను గట్టిగా దెబ్బకొట్టింది అందుకే. మోకాళ్ల దాకా ఉప్పునీళ్లలో నిలబడి తీసిన ఉప్పును బస్తాలకెత్తుతారు. ఆ బస్తాలను బేరమాడి కొని, లారీ దొరికిన రోజున దేశం లోపలికి మోసుకుపోయేది మళ్లీ మదాం సారాలే.