రెండవ కంచము

మొన్న వేసవిలో పెనుమూడియందు మా యింటి పిల్లలతో కూర్చుండి, 2015 నాటి జపాను బొమ్మలచిత్రము ‘గక్కో గురాషి’ని జూచితిమి. తొలిభాగమంతయు బడిలో నవ్వులు, కుక్కపిల్లతో నాటలు. తుదిని గాని కిటికీలు పగిలియున్నవనియు, వెలుపల పీనుగులు నడయాడుచున్నవనియు తెలియదు. యుకి యను బాలిక మాత్రము చనిపోయిన యుపాధ్యాయినితో ముచ్చటించుచునే యుండును. చెలికత్తె లామె భ్రమను చెరుపరు.

ఇది వంచన యని మా పెద్దమ్మాయి, కాదు దయ యని మేనల్లుడు వాదులాడిరి. మేము అమ్మాయి పక్షమే వహించితిమి. సత్యమును దాచరాదనుట మా చిరకాల వాదము గదా! అంతలో మా తమ్ముని కూతురు, తల్లి పోయి యేడాదియైనను భోజనవేళ నామెకును కంచము పెట్టు చిన్నది, “ఆ పిల్లను ఎవరూ తిట్టలేదు గదా, పెదనాన్నా?” అని యడిగినది.

కంచమును గూర్చి దానిని నిన్నటిదాక మందలించినది మేమే. ఆ రాత్రి దాని నెవరును తీయలేదు.