మరియమ్మ పురుడు

2024 డిసెంబర్ 22, ఆదివారం, కోరుట్ల

క్రిస్మస్ నాటకానికి పశువుల తొట్టి దొరకలేదు. సండేస్కూల్ పిల్లగాడొకడు మా ఇంట్లోంచి అవ్వ బీడీల చాట ఎత్తుకొచ్చి, తంబాకు దులిపి, బొమ్మను అందులో పండబెట్టాడు. అంచుకు ఇంకా తునికాకు ముక్కలు అంటుకునే ఉన్నాయి. నేను కసిరితే అవ్వ వాణ్నే వెనకేసుకొచ్చింది. "నిన్ను గూడ పుట్టంగనే చాటలనే ఏసినం. ఏమైంది?"

మత్తయి మొదటి అధ్యాయం చదివిస్తే పేర్ల వరస దగ్గరే పిల్లలకు ఆవలింతలు. నాకు మాత్రం అదే ఇష్టం. అబ్రాహాము మొదలు పద్నాలుగేసి తరాలు, మూడుసార్లు. హెబ్రీలో దావీదు పేరులోని అక్షరాలకు అంకెలు వేస్తే 4, 6, 4. కలిపితే 14. ఆ వరస మధ్యలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. ఏ ఇంటి పెద్దలైనా తమ వంశంలో చెప్పడానికి నీళ్లు నమిలే పేర్లు. మత్తయి ఏరి మరీ పెట్టాడు.

డిసెంబర్ 25, బుధవారం

మెదక్ చర్చికి నేటితో నూరేళ్లు. ఈ సాయంత్రమే యూదుల హనుక్కా మొదటి దీపం కూడా. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిములమని చెప్పుకునే తెలుగువాళ్లున్నారు. 1991 నుంచి వాళ్లకు సొంత సినగాగు. ఒకప్పుడు మాలాగే చర్చికి పోయినవాళ్లే. మేం యేసు వెంట యూదుల వాకిట దాకా పోయి ఆగాం. వాళ్లు లోపలికే పోయారు.

2025 జనవరి 1, బుధవారం

లెక్కకు ఎనిమిదో దినం. బాలుడికి సున్నతి చేసి పేరు పెట్టిన దినం. వాచ్‌నైట్ హడావిడిలో ఆ మాట ఎవరికీ పట్టలేదు. కేకు సరిపోలేదని మాత్రం గొడవ.

ఫిబ్రవరి 2, ఆదివారం

నలభయ్యో దినం. అవ్వ బీడీలు చుడుతూ అడిగింది: "మరియమ్మకు పురుడెన్నాళ్లు?"

మన దగ్గర ఇరవై ఒకటి. లేవీయకాండం లెక్కన మగపిల్లాడైతే నలభై, ఆడపిల్లయితే ఎనభై అన్నాను.

"గక్కడ గూడ గట్లనేనా!" అని దారం పుటుక్కున తెంపింది.

దినాలు తీరాక ఏడాది గొర్రెపిల్లను, ఒక పావురాన్నో గువ్వనో అర్పించాలి. గొర్రెకు తాహతు లేనివాళ్లకు రెండు పక్షులు చాలు. లూకా ఈ ఆలుమగల అర్పణ దగ్గర రాసింది ఆ పక్షుల మాటే.

"మరి జ్ఞానులు తెచ్చిన బంగారమేమైంది?"

జ్ఞానులు మత్తయిలో వస్తారు, పక్షులు లూకాలో. రెండు కథల్నీ ఒకే పాకలో కుక్కింది మనమే. నేను చెప్పేలోపే అవ్వ తేల్చేసింది.

"కుదువవెట్టి ఉంటరు. ఐగుప్తుకు వోవుడంటే ఉత్తగనా?"

బాపు మస్కట్ పోయిన ఏడు అవ్వ మెడలో ఉత్త నల్లపూసలే.