పసుపు జెర్సీ, నీలం జెర్సీ

క్లబ్బా, దేశమా? ఫుట్‌బాల్ అభిమానుల్ని ఎప్పట్నుంచో తొలిచే ఈ ప్రశ్న మన విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ల దగ్గరికి ఐపీఎల్‌తో వచ్చింది.

2024 మార్చి 31న విశాఖలో ఢిల్లీ, చెన్నై మ్యాచ్. ఆ రోజు విజయనగరం కాంప్లెక్స్‌లో ఎటు చూసినా వీపు మీద 7 నంబరున్న పసుపు జెర్సీలే. సొంత మైదానం ఢిల్లీది, గ్యాలరీలన్నీ చెన్నైవి. గెలుపు దాదాపు చేజారాక దిగిన ధోనీ 16 బంతుల్లో 37 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. ఢిల్లీ 20 పరుగులతో గెలిచింది. కేకలు మాత్రం ఓడిన జట్టుకే!

చెన్నైతో మనకేం చుట్టరికం అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. చుట్టరికం ఉంది. 2005 ఏప్రిల్ 5న ఇదే స్టేడియంలో పాకిస్థాన్ మీద, ఆ పొడవాటి జుట్టుతో, 148 కొట్టాడు ధోనీ. అతని మొదటి వన్డే సెంచరీ అది. నీలం జెర్సీలో మనసు దోచినవాడు పసుపు తొడుక్కుంటే అభిమానం కూడా వెంట వెళ్లింది. నాకందులో తప్పేం కనిపించదు.

కానీ దేశం ఆడుతున్నప్పటి గుబులు వేరు. 2024 డిసెంబరు, మెల్‌బోర్న్ టెస్టు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 దగ్గరున్నాడు, చేతిలో ఒక్కటే వికెట్. అవతల సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులూ కాచుకున్నాడు. తర్వాత నితీశ్ ఫోర్ కొట్టాడు. సిరాజ్‌ది ఏ ఐపీఎల్ జట్టో ఆ మూడు బంతులప్పుడు ఎవరికి గుర్తుంది చెప్పండి!