సెకన్ల లెక్క

సమీక్షకు బాక్సింగ్ చరిత్ర పుస్తకం ఏది వచ్చినా, ముందు 1927 సెప్టెంబర్ 22 సంగతి ఎక్కడుందో వెతికి చదువుతాను. షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో జీన్ టనీకీ జాక్ డెంప్సీకీ పోరు, ఏడో రౌండ్. అది ఎలా రాశాడో చూస్తే రచయితను ఎంతవరకు నమ్మొచ్చో తెలిసిపోతుంది.

డెంప్సీ దెబ్బల వానకు టనీ తాళ్ల పక్కన కూలబడ్డాడు. పడగొట్టినవాడు ఖాళీ మూలకు వెళ్లాకే లెక్క మొదలవ్వాలన్నది నిబంధన. డెంప్సీ వెంటనే కదల్లేదు. రిఫరీ డేవ్ బ్యారీ అతన్ని అటు పంపి, అప్పుడు ‘ఒకటి’ అన్నాడు. ‘తొమ్మిది’కి టనీ లేచాడు. నిజానికి గడిచింది దాదాపు 14 సెకన్లు. చివరికి టనీయే పాయింట్ల మీద గెలిచాడు. డెంప్సీకి అన్యాయం జరిగిందని ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాలతో నాకు పేచీ. మంచి రచయిత నాలుగేళ్లు వెనక్కి వెళ్తాడు. 1923లో లూయిస్ ఫిర్పోను పడగొట్టి, అతని నెత్తిమీదే నిలబడి, లేస్తుండగానే మళ్లీ కొట్టినవాడు డెంప్సీ. ఆ అలవాటే షికాగోలో అతని కాళ్లు పట్టేసింది. ఎనిమిదో రౌండ్‌లో డెంప్సీ పడినప్పుడు బ్యారీ ఆలస్యం లేకుండా లెక్కపెట్టాడన్నదీ దాచకూడదు. ఈ రెండూ చెప్పిందే నాకు చరిత్ర.

బాక్సింగ్ రచనా సంప్రదాయానికి దారి వేసినవాడు లండన్ పాత్రికేయుడు పియర్స్ ఈగన్, తన ‘బాక్సియానా’ సంపుటాలతో. అప్పట్లో గ్లవ్స్ లేవు, మూడు నిమిషాల రౌండ్ లేదు. మనిషి పడితే రౌండ్ అయిపోయినట్టే. అర నిమిషంలో లేచి మళ్లీ రింగు మధ్య గీత దగ్గరికి రావాలి. 1810 డిసెంబర్‌లో టామ్ క్రిబ్‌తో తలపడిన టామ్ మోలినో అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి యోధుడు, బానిసగా పుట్టాడంటారు. క్రిబ్ గడువులోగా లేవలేకపోయాడనీ, మోలినో పిడికిట్లో సీసపు గుళ్లున్నాయని క్రిబ్ మనుషులు గోలచేసి అతనికి ఊపిరి పీల్చుకునే వ్యవధి సంపాదించారనీ కథ. ఎన్నో పుస్తకాలు దాన్ని జరిగినట్టే రాశాయి. కానీ ఆ పోరు తర్వాత కొద్దిరోజులకే మోలినో పేరుతో ఒక సవాలు లేఖ వెలువడింది. అందులో ఓటమికి వాతావరణం బాగాలేకపోవడాన్ని కారణంగా చూపాడు, గుళ్ల ఊసే లేదు. తన ఒంటి రంగు వేరైనందుకు తనకు చేటు జరగదని ఆశిస్తున్నానన్న మాట మాత్రం ఉంది. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. గుళ్ల కథను నమ్మితే అన్యాయమంతా ఆ అర నిమిషంలోనే జరిగి ముగిసిపోతుంది. లేఖ చదివితే, అతను రింగులో అడుగుపెట్టకముందే అది మొదలైందని తెలుస్తుంది.

1963లో వెంబ్లీలో హెన్రీ కూపర్ చేతిలో కాసియస్ క్లే పడిపోయినప్పుడు కూడా ఇలాంటి కథే పుట్టింది. చిరిగిన గ్లవ్ చూపించి ట్రైనర్ ఏంజెలో డండీ నిమిషాలకు నిమిషాలు సంపాదించాడని ఏళ్లపాటు రాశారు. ఫిల్మ్ చూస్తే అదనంగా దొరికింది కొన్ని సెకన్లే.

అన్నిటికంటే బరువైన సెకన్లు 1962 మార్చి 24వి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌, పన్నెండో రౌండ్. బెన్నీ పారెట్ మూలలో తాళ్లకు చిక్కుకుపోయాడు. ఎమిల్ గ్రిఫిత్ కొడుతూనే ఉన్నాడు. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ అడ్డుపడేసరికి ఆలస్యమైపోయింది. పదిరోజులకు పారెట్ చనిపోయాడు. రింగు పక్కన కూర్చుని చూసిన నార్మన్ మెయిలర్ రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అయినా నేను ముందు పెట్టేది దశాబ్దాల తర్వాత డొనాల్డ్ మెక్రే రాసిన ‘ఎ మ్యాన్స్ వరల్డ్’నే. తూకం వేళ పారెట్ తనను స్వలింగ ప్రేమికుడని ఎగతాళి చేసిన అవమానం, ఆ మనిషే తన చేతుల్లో పోయాడన్న దుఃఖం, రెండూ మోస్తూ గ్రిఫిత్ బతికిన ఏళ్లన్నీ అందులో ఉన్నాయి. మిగతావాళ్లు ఆ రాత్రి దగ్గరే ఆగిపోయారు, మెక్రే మనిషితో పాటు నడిచాడు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, మరుసటి ఏడు ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆమె మీద అలాంటి నిండైన పుస్తకం తెలుగులో రావాలని నా కోరిక. పతకాల పట్టిక ఎవరైనా ఇస్తారు. ఇస్తాంబుల్ ఫైనల్‌లో రౌండుకీ రౌండుకీ మధ్య దొరికిన నిమిషంలో కార్నర్‌లో ఏం మాట్లాడుకున్నారో కావాలి. రాసేవాళ్లు ఆమెతోనూ, కోచ్‌లతోనూ, ఆ రోజు ఓడిన థాయ్‌లాండ్ అమ్మాయి జుతామస్ జిత్‌పాంగ్‌తోనూ కూర్చుని మాట్లాడాలి, అదీ జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే.