ఓడుటకును వంతు కావలెను

ఆటలు బాలురకును, పనులు బాలికలకును సహజములని మనలో ననేకులు నోటితో ననకపోయినను నడతలో చూపుచుందురు. ఈ సంగతిని గూర్చి నాకొక యాట మూలముగ కొంత యాలోచన కలిగినది. అది చదరంగము కాదు, గవ్వలాట కాదు. జపాను దేశమున క్యోటో నగరమందలి నింటెండో సంస్థవారు 1985వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ అను వీడియో గేము. బాల్యమున చూచిన యా యాటను నేనిటీవల మరల నాడితిని. ఆడిన పిమ్మట తోచిన నాలుగు మాటలను సోదరీమణులకు మనవి చేయుచున్నాను.

ఆ యాట నెఱుగనివారి కొఱకు దాని స్వరూపమును కొంచెము చెప్పెదను. టోపీయు, గుబురు మీసములును గల మారియో యను పొట్టివాడు టెలివిజను తెరపై నెడమవైపున నిలిచియుండును. వానిని మనము కుడివైపునకు నడిపింపవలెను. ఒక మీట నొక్కినచో నెగురును. వేఱొక మీటను నొక్కిపట్టి నడపినచో పరుగెత్తును. వాడు ముందునకు సాగినకొలది తెరమీది ప్రదేశము వెనుకకు జరిగిపోవును; తెర దాటిపోయిన చోటికి మరల పోవుటకు వీలులేదు. దారిపొడవున గుంటలు, గొట్టములు, తాబేళ్లు, నిప్పుకణికలు. మొత్తము 8 లోకములు, లోకమునకు నాలుగేసి చొప్పున 32 ఘట్టములు. ప్రతి లోకము చివరను కోట యొకటి యుండును. తాబేళ్ల రాజు చెఱపట్టిన రాకుమారి యెనిమిదవ కోటలో నుండును. తొలి యేడు కోటలను గెలిచినవానికి ఆమె వేఱొక కోటలో నున్నదను వార్త మాత్రమే దొరకును. ఆట మొదలున 3 ప్రాణములిత్తురు. 100 నాణెములు కూడబెట్టినచో నింకొక ప్రాణము లభించును. ఘట్టములలో పెక్కింటికి గడువు 400 అంకెలు. ఆ యంకెలు సెకనులకంటె వడిగా తఱుగును గనుక 400 అనగా నించుమించు 160 సెకనులే. అంకె 100కు దిగినంతనే కోజి కోండో కూర్చిన సంగీతము వేగము పుంజుకొని యాటవారి గుండెను దడదడలాడించును.

నింటెండోవారి యసలు యంత్రమును మా యూర నేను చూడలేదు. 1990 తరువాతి యేండ్లలో దాని కనుకరణములుగా చేసిన చౌక యంత్రములు మన బజారులకు వచ్చినవి. మా యింటికి వచ్చినదియు నట్టిదే. దానిని టెలివిజనుకు తగిలించి, నెత్తిన క్యాసెట్టు గ్రుచ్చి యాడెడివారము. క్యాసెట్టు మీద 9999 ఆటలని యచ్చువేసి యుండెడిది. పెట్టి చూడగా నవే కొన్ని యాటలు వేఱువేఱు సంఖ్యలతో మరల మరల వచ్చెడివి. వానిలో మారియో యుండుటయే మాకు చాలెను.

ఇద్దరాడు పద్ధతిలో నొకరిది మారియో, రెండవవారిది వాని తమ్ముడైన లుయీజీ. ఇద్దరును నొక్కసారి యాడుటకు లేదు. ఒకరి ప్రాణము పోయినప్పుడే రెండవవారి వంతు వచ్చును. పైకి చూచుట కిది ధర్మముగనే కనబడును. కాని నిదానించి చూడుడు. నేర్పరి ప్రాణము పావుగంట నిలుచును; నేర్పులేనివారి ప్రాణము పది సెకనులలో పోవును. ఆడినకొలది నేర్పు వచ్చును. నేర్పు వచ్చినకొలది యాట దొరకును. కలిగినవాని గాదెకే మరల ధాన్యము చేరినట్లు, వచ్చినవానికే వంతంతయు చేరును.

మా యింట మారియో మా యన్నయ్యది, లుయీజీ నాది. నేను తొలి గుంటలోనే పడిపోదును. పిదప అన్నయ్య పావుగంట యాడును. ఆ పావుగంటలోనే కుళాయి వచ్చును; బియ్యములో రాళ్లేఱుమని పిలుపు వచ్చును. బిందె దింపి నేను తిరిగి వచ్చునప్పటికి నా వంతు వచ్చి, నాకు మాఱుగా తమ్ముడాడి ముగించి యుండును. అమ్మకు మాత్రము తెర చూడనక్కఱ లేదు. ప్రాణము పోయినప్పుడు వచ్చు బాణి వినబడగానే వంటయింటి నుండి, “ఎవరురా పడ్డారు?” అని యడుగును. “ఇంకెవరు, అక్కే! అక్కకు రాదు” అని తమ్ముడు సమాధానమిచ్చును. ‘అక్కకు రాదు’ అను మాట మా యింట నట్లు స్థిరపడిపోయినది. ఎన్నిసారులు పడిన పిమ్మట అన్నయ్యకు వచ్చినదో యెవరును లెక్కింపలేదు.

గడచిన వేసవిలో మా యమ్మాయి 2016లో నింటెండోవారు విడుదల చేసిన చిన్న యంత్రము నొకదానిని స్నేహితురాలి యొద్దనుండి తెచ్చినది. అరచేతిలో నిముడు నా పెట్టెలో 30 పాత యాటలు గలవు. అందు మారియో యొకటి. మధ్యాహ్న భోజనములైన వెనుక గంటసేపు నేనొక్కతెనే దానిముందు కూర్చుంటిని. వంతడుగువారు లేరు. ఎన్నిసారులు పడిపోయితినో చెప్పజాలను. నాలుగవ దినమున మొదటి కోట దాటితిని.

అప్పుడు నాకు తెలిసినదేమనగా, ఈ యాట మిక్కిలి దయగల గురువు. దీనిని కల్పించిన షిగెరు మియామోతో, తకాషి తెజుకా మొదలగువారు తొలి ఘట్టమునే పాఠశాలగా నమర్చిరి. మారియో యెడమ నుండును, కుడివైపంతయు ఖాళీ. ఎటు పోవలెనో యెవరును చెప్పనక్కఱ లేదు. రెండడుగులు వేయగనే గోధుమరంగు శత్రువొకడు నడచి వచ్చును. తాకినచో ప్రాణము పోవును. కాని నడచినది రెండడుగులే గనుక పోయిన శ్రమ లేదు. మఱుసటిసారి యెగిరి వానిపై దిగుదుము, వాడే నలిగిపోవును. పిదప ప్రశ్నార్థకపు గుర్తుగల పెట్టెను తలతో కొట్టగా నొక పుట్టగొడుగు బయల్వెడలును. అది కుడివైపునకు జరిగి, గొట్టమునకు తగిలి, మరలి మనవైపే వచ్చును. శత్రువని వెఱచి యెగిరినను పైనున్న యిటుకలు తలకు తగిలి మారియో దానిమీదనే దిగుట తఱచు. దిగినంతనే పెద్దవాడగును. వెఱచినవానికి సైతము మేలు జరుగు నీ యమరికను గూర్చి మియామోతో 2015లో స్వయముగ వివరించియున్నారు.

అదే ఘట్టమున మఱికొంత దూరము పోయినచో నెదురెదురుగ రెండు మెట్ల వరుసలుండును. వాని నడుమ గట్టి నేల; దుముకుట తప్పినను హాని లేదు. కొంచెము ముందునకు పోయినచో నట్టివే మఱి రెండు వరుసలు. ఈసారి నడుమ గుంట యుండును. మొదట నష్టములేని చోట నేర్పి, పిదపనే పరీక్షించుట దీని పద్ధతి.

ఆట యంతయు 40 కిలోబైట్లలో నిమిడినది. నేటి ఫోనులో తీయు నొక్క ఛాయాచిత్రము సాధారణముగ దీనికి పలురెట్లు పెద్దది. ఆకసమందలి మేఘమును, నేలమీది పొదయు నొక్కటే బొమ్మ. తెలుపు, పచ్చ రంగులు మాత్రమే భేదము. పాతచీరతోనే బొంతయు, ఉయ్యాలయు నమర్చు గృహిణి పొదుపు వంటిదిది. ఇంత యిఱుకున నుపన్యాసములకు తావేది? కావున నడచు నేలయే గురువైనది. తప్పినవానిని ‘నీకు రాదు’ అనదు. మరల మొదట నిలుపును, అంతే.

మనమును గొన్ని పనులలో నిట్టి గురువులమే. ఆడపిల్లకు అట్లు పోయుట నేర్పునప్పుడు మొదటి మూడును పెనమున కంటుకొన్నను, “పరవాలేదమ్మా, నాలుగవది వస్తుంది” అని పిండి గిన్నెను దానిచేతికే యిత్తుము. ఆ పిల్లయే స్కూటరు నేర్చునప్పుడొకసారి గోడకు తగిలించినచో, బ్యాంకు కాగితమున నొక గడిని తప్పుగ నింపినచో, చేతినుండి లాగికొని తమ్మునికిత్తుము. మగపిల్లవాడు వంటయింట పాలు పొంగించినచో వానిని వెలుపలికి పంపుదుము. ఎవరు ఏ పనిలో నెన్నిసారులు తప్పవచ్చునో యింటిలో ముందే నిర్ణయమైయున్నది. పిదప దానికే సామర్థ్యమని పేరు పెట్టుచున్నాము.

ఆ యాటలోని రాకుమారి సంగతియు నిట్టిదే. 1985లో నామె కెదురుచూచుట దక్క వేఱు పని లేదు, వంతే లేదు. 1988లో అమెరికాలో వెలువడిన రెండవ మారియో యాటలో నామెను ఆటవారు నడపవచ్చును. నలుగురిలో నామెయొక్కతెయే కొంతసేపు గాలిలో తేలియాడ గలదు. 2005లో ‘సూపర్ ప్రిన్సెస్ పీచ్’ అను నాటయు, 2024లో ‘ప్రిన్సెస్ పీచ్: షోటైమ్!’ అను నాటయు నామెయే నాయికగా వచ్చినవి. కోటలో నున్నన్నాళ్లు ఆమెకు దుముకుట వచ్చునో రాదో యెవరికి తెలియును? మీటలు చేతికిచ్చినప్పుడే తెలిసినది.

మొదటి లోకపు రెండవ ఘట్టమున పైకప్పు మీదుగ పోయినచో రెండు, మూడు, నాలుగు లోకములకు నేరుగ పోవు గొట్టములున్నవి. అన్నయ్య యా దారినే పోయెడివాడు. నేనా దారిని త్రొక్కలేదు. ఇన్నాళ్లకు దొరికిన యభ్యాసమును దాటవేయుట కిష్టము లేకపోయెను. ఈ చిన్న యంత్రమున నాట నెచ్చటనైన నిలిపి మఱునాడచ్చటి నుండియే సాగించు సౌకర్యము గలదు. తలుపు చప్పుడైనను, పొయ్యిమీద పాలున్నను లేవవలసిన యిల్లాలి కిది గొప్ప యుపకారము. ఇప్పటికి నాలుగవ లోకమున నున్నాను. ఈ మాట ఫోనులో చెప్పగా అన్నయ్య నవ్వి, “ఏమే, ఇప్పుడా?” అనెను. “ఇప్పుడే కదా అన్నయ్యా వంతు వచ్చింది” అంటిని. అతడు కొంచెము సేపూరకుండి, నాలుగవ కోటలో దారి తప్పినచో నడచిన చోటే మరల మరల వచ్చునని జాగ్రత్త చెప్పెను.

పగలెల్ల తెరముందు కూర్చుండుట పిన్నలకును పెద్దలకును మంచిది కాదు. ఆటకొక గంట నేర్పఱచి, ఆ గంటను మాత్రము సరిగ పంచుడు. ప్రాణమును బట్టి కాక గడియారమును బట్టి వంతులిండు. పావుగంట యమ్మాయిదైనచో నా పావుగంటలో నామెను నీళ్లకు పిలువకుడు; ఎన్నిసారులు పడినను రిమోటు నామె చేతిలోనే యుండనిండు. స్కూటరునకును, బ్యాంకు కాగితమునకును, కుమారుని చేతి యట్లకాడకును నిదే లెక్క.