తలకోనకు చిన్నడుగులతో

పేరుకు తగ్గట్టే తలకోన ఓ కోన. శేషాచలం కొండల్లో సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర మొదలుపెడితే, చెట్ల నీడన రాళ్ల దారిలో జలపాతం దాకా పిల్లలూ నడవగలరు. అయితే ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు దూరాన్ని బట్టి లెక్కేస్తే కుదరదు. అందరికంటే చిన్న అడుగు ఎవరిదో చూడాలి. నాన్నకు అరగంట దారి ఆరేళ్ల పాపకు గంట. మోకాళ్లు నొప్పులున్న అవ్వకు ఇంకా ఎక్కువ.

అందుకే పొద్దున్నే బయల్దేరాలి. మంచినీళ్లు, పులిహోర పొట్లాలు, జారని చెప్పులు ఉంటే చాలు. తిరుగు ప్రయాణం ఎన్నింటికో ఇంట్లోనే అనుకోవాలి.

270 అడుగుల ఎత్తునుంచి దూకే ధార వానలు పడ్డాకే నిండుగా ఉంటుంది. జాగ్రత్త కావాల్సిందీ అప్పుడే. ఉధృతి ఎక్కువైతే అటవీశాఖ వాళ్లు లోపలికి వదలరు, ముందే కనుక్కోవాలి. పైన కొండల్లో కురిసిన వాన, కింద ఎండ కాస్తుండగానే కోనలోకి వచ్చిపడుతుంది. నీళ్లు బురదగా మారినా, హోరు పెరిగినా పిల్లల చెయ్యి పట్టుకుని వెంటనే గట్టెక్కాలి.

సగం దారిలో అవ్వ 'ఇంక నావల్ల కాదురా' అంటే ఆ చెట్టు కిందే పొట్లాలు విప్పొచ్చు. జలపాతం చూడ్డానికి మరో వానాకాలం ఉంటుంది.